తుపాను షెల్టర్ తాళంచెవి బరంపురం పెళ్ళికి వెళ్ళింది

తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా తీరంలోని మా ఉద్దానం మీద పడింది 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున. ఆ రాత్రి నేను శ్రీకాకుళంలో ఉన్నాను. ఫోన్లు పోయాయి, బస్సులు ఆగిపోయాయి. మూడో రోజుకి ఎలాగో హైవే దాకా వచ్చి, అక్కణ్ణుంచి కాలినడకన తీరం వైపు బయల్దేరాను. పేరుకే రోడ్డు. కొబ్బరి చెట్టు మీద కొబ్బరి చెట్టు, వాటి మీద జీడిమామిడి కొమ్మలు, వాటి మీద కరెంటు తీగలు. ఒక మొద్దు ఎక్కి దిగడం, ఇంకోదాని కింద దూరడం. ఐదు కిలోమీటర్లకి సగం పూట పట్టింది.

మధ్యలో ఒక నులకమంచం ఎదురొచ్చింది. నలుగురు మోసుకొస్తున్నారు. మంచం మీద యాభై ఏళ్ళ మనిషి, మొహం, కాళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. డయాలసిస్‌కి వెళ్ళాల్సిన రోజు దాటి రెండు రోజులైందట. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు. కానీ దారి మూసుకుపోతే డయాలసిస్ మీద బతికే మనిషి ఏమైపోతాడన్న ఆలోచన, ఇక్కడే పుట్టి పెరిగిన నాకు కూడా అంతవరకు రాలేదు.

ఊళ్ళోకి వెళ్ళాక ఇంకోటి చూశాను. ఒకవైపు ముప్పై మంది కుర్రాళ్ళు కత్తులతో, గొడ్డళ్ళతో తమకి తోచిన చోట చెట్లు నరుకుతున్నారు. ఇంకోవైపు పంచాయతీ సెక్రటరీ గారు అరుగు మీద కూర్చుని, ఎవరికెన్ని చెట్లు పోయాయో రాసుకుంటున్నారు. ఆయన చుట్టూ వంద మంది. కుర్రాళ్ళు నరికిన దారి ఆ మంచం వెళ్ళాల్సిన దారి కాదు. ఎవరి ఇంట్లో రోగి ఉన్నాడో సెక్రటరీ గారికి తెలియదు. వాళ్ళని ఈయన అడగలేదు, ఈయనకి వాళ్ళు చెప్పలేదు. సర్పంచుల పదవీకాలం అప్పటికి రెండు నెలల ముందే అయిపోయి, పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నాయి. ఊరి తరఫున ఒక మాట చెప్పి ఒప్పించే మనిషే లేడు.

నేను పని చేసే స్వచ్ఛంద సంస్థ మరుసటి ఏడాది అదే ఊళ్ళో పని మొదలుపెట్టింది. మా ప్రాజెక్టు కాగితాల్లో దాని పేరు 'సామర్థ్యాల పెంపుదల'. ఊళ్ళో మాత్రం 'తుపాను ట్రైనింగ్' అనేవారు.

ఆ మొదటి ట్రైనింగ్ గురించి చెప్పాలంటే ఇప్పటికీ కాస్త సిగ్గే. ఇరవై నాలుగు మంది కుర్రాళ్ళని ఎంచుకున్నాం. డిగ్రీ చదివినవాళ్ళు, ఈత వచ్చినవాళ్ళు, హుషారైనవాళ్ళు. నాలుగు జట్లు చేశాం: హెచ్చరిక చెప్పేవాళ్ళు, రక్షించేవాళ్ళు, ప్రథమ చికిత్స చేసేవాళ్ళు, శిబిరం చూసుకునేవాళ్ళు. తాళ్ళు ముడులెయ్యడం నేర్పించాం. ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలతో తెప్ప కట్టించాం. నారింజ రంగు టీషర్టులు ఇచ్చాం. ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి.

అదే ఏడాది ఆగస్టు 15 నుంచి ప్రభుత్వం యాభై ఇళ్ళకో గ్రామ వాలంటీర్‌ని పెట్టింది. దాంతో మాకు కొత్త తలనొప్పి. మా కుర్రాళ్ళు 'మేం వాలంటీర్లం' అని గుమ్మంలోకి వెళ్తే, "నా పింఛనేటి బాబూ, ఇంకా తేలేదు?" అని ముసలమ్మలు తగులుకునేవారు. టీషర్టు మీద అక్షరాలు ఏం చెప్పినా ఎవరూ చదవరు కదా. చివరికి మా వాళ్ళే 'తుపాను కమిటీ' అని పేరు మార్చుకున్నారు. ఆ తర్వాత ఆంధ్రాలో ఏ ఊరికి వెళ్ళినా 'వాలంటీర్' అనే మాట నోరు జారకుండా చూసుకునేవాణ్ణి.

మాక్ డ్రిల్ రోజు వచ్చింది. మండలం నుంచి అధికారులు వస్తున్నారని పొద్దున్నే మైకు కట్టాం. సైరన్ మోగింది. ఎస్సీ కాలనీ నుంచి, బీచ్ పక్క వీధి నుంచి జనం తుపాను షెల్టర్ దగ్గరికి బాగానే వచ్చారు. షెల్టర్‌కి తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఒకరు వీఆర్వో గారి దగ్గరన్నారు, ఇంకొకరు స్కూలు హెడ్‌మాస్టారి దగ్గరన్నారు. ముప్పావుగంట ఫోన్లు చేస్తే తేలింది: తాళంచెవి ఒక కొబ్బరి వ్యాపారి దగ్గరుంది, ఆయన చుట్టాల పెళ్ళికని బరంపురం వెళ్ళాడు. చెవి ఆయన జేబులోనే ఉంది. గునపంతో గొళ్ళెం ఊడగొట్టి తలుపు తీస్తే, లోపల సగం గది నిండా జీడిపిక్కల బస్తాలు. ఎండలో నిలబడ్డ జనం నవ్వారు. అధికారులు కూడా నవ్వి, ఎండ ముదరకముందే వెళ్ళిపోయారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. తెప్ప కట్టడం నేర్పాను గాని, తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగలేదు.

2020లో కరోనా వచ్చింది. చెన్నై నుంచి, ముంబయి నుంచి మనవాళ్ళు తిరిగొచ్చినప్పుడు స్కూల్లో క్వారంటైన్ పెట్టారు. కమిటీ కుర్రాళ్ళు అన్నం మోశారు, బాగా పని చేశారు. లాక్‌డౌన్ సడలాక మళ్ళీ వలసలు మొదలయ్యాయి. ఆ ఏడాది చివర లెక్క చూస్తే ఇరవై నాలుగు మందిలో ఊళ్ళో మిగిలింది ఏడుగురు. ఒకడు హైదరాబాద్‌లో డెలివరీ పని, ఇద్దరు గల్ఫ్, కొందరు విశాఖ కంపెనీల్లో. వాళ్ళ తప్పేం లేదు. ఉద్దానంలో కుర్రాడు ఊళ్ళో ఉండిపోయాడంటే ఇంట్లోవాళ్ళకి టెన్షన్. హుషారైనవాణ్ణి ఏరుకున్నామంటే, ఊరు వదిలి వెళ్ళే మొదటివాణ్ణి ఏరుకున్నట్టే. ఆ ముక్క మాకు ముందే తట్టాల్సింది.

ఈసారి ప్రశ్న తిప్పి అడిగాం: తుపాను వచ్చే అర్ధరాత్రి ఈ ఊళ్ళో కచ్చితంగా ఎవరుంటారు? జవాబులు ఊరివాళ్ళే చెప్పారు. డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళు ఉంటారు. ఆశా కార్యకర్త ఉంటుంది. ట్రాక్టరున్న ఆసామి ఉంటాడు. ఆటో నడిపే ఇద్దరు అన్నదమ్ములు, కొబ్బరి దింపేవాళ్ళు, తెల్లారుజామున మూడు గంటలకే పొయ్యి వెలిగించే టీకొట్టాయన ఉంటారు. ఈత రాకపోయినా పర్వాలేదు. ఆ పదహారు మందితో కమిటీ మళ్ళీ కట్టాం. పది మంది ఆడవాళ్ళే. గ్రామ సంఘం లెక్కలు రాసే వీవోఏ అక్కని కన్వీనర్‌గా పెట్టాం. అక్క పదో తరగతే చదివింది. కానీ పదేళ్ళుగా సంఘాల అప్పులు, కిస్తీలు, వడ్డీలు పైసా తేడా రాకుండా రాసిన చెయ్యి అది.

పటం గీసిన రోజు ఇప్పటికీ కళ్ళముందుంది. అమ్మవారి గుడి ముందు పేడనీళ్ళు చల్లి, ముగ్గుపిండితో వీధులు గీశారు. ఇల్లుకో కొబ్బరి ఆకు ముక్క. నడవలేని ముసలివాళ్ళుంటే చింతగింజ, గర్భిణి ఉంటే పసుపు కొమ్ము, పాక ఇల్లయితే పుల్ల. నేను గీసిన గీతని ఒక ముసలమ్మ కాలితో చెరిపేసింది. "సముద్రం ఇటెందుకొస్తాది బాబూ? గెడ్డ పొంగితే నీరు ఆ వెనకనుంచొస్తాది" అంది. నిజమే. సముద్రాన్నే చూస్తూ ఊరి వెనక గెడ్డని, అంటే వాగుని, అందరం మర్చిపోయాం. మేం ఎత్తు ప్రదేశమని గుర్తు పెట్టిన స్కూలుకి వెళ్ళే దారి ఆ గెడ్డనే దాటాలి.

డయాలసిస్ ఇళ్ళకి ఎర్ర గాజుముక్క పెట్టమన్నాను. ఎవరూ కదల్లేదు. గుడి ముందు ఒక్కసారిగా నిశ్శబ్దం. అక్క నన్ను పక్కకి పిలిచి, "తమ్ముడూ, ఆ ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉంది. నలుగురిలో గాజుముక్క పెడితే ఆ పిల్లకి సంబంధం వస్తాదా?" అంది. కిడ్నీ జబ్బు ఉన్న ఇల్లంటే సంబంధాలు వెనక్కి పోవడం ఇక్కడ మామూలే. నేను ఈ మట్టిలోనే పుట్టాను, అయినా ఆ క్షణంలో ప్రాజెక్టు మనిషిలాగే ఆలోచించాను. ఆ గాజుముక్కలు జేబులో వేసుకున్నాను. తర్వాత వారం రోజుల్లో ఆశా కార్యకర్త, అక్క ఇద్దరే ఇంటింటికీ వెళ్ళి ఒక నోటుబుక్కులో రాసుకొచ్చారు: పేరు, వారంలో ఏయే రోజుల్లో డయాలసిస్, ఏ ఆస్పత్రిలో, వెంట ఎవరు వెళ్తారు, టౌన్లో ఒకటి రెండు రాత్రులు ఉండడానికి చుట్టాలున్నారా.

ఆ పుస్తకం పట్టుకుని గ్రామ సచివాలయానికి వెళ్ళాక తెలిసిన సంగతి: అందులో సగం వివరాలు ఆ ఆఫీసులో ముందే ఉన్నాయి. డయాలసిస్ రోగులకి నెలకి పది వేల రూపాయల పింఛను వస్తుంది కాబట్టి, వాళ్ళ జాబితా వెల్ఫేర్ అసిస్టెంట్ కంప్యూటర్‌లోనే ఉంది. అది డబ్బు ఇవ్వడానికి తయారైన జాబితా. తుపాను రోజు ఆటో ఎక్కించడానికి కూడా పనికొస్తుందని ఎవరికీ తోచలేదు. అందులో లేనిది ఒక్కటే, ఏ రోజు డయాలసిస్ అన్నది. అది అక్క దగ్గరుంది. రెండూ పక్కపక్కన పెట్టడానికి పావుగంట పట్టింది.

2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఊళ్ళో రెండు వర్గాలు. కమిటీలో ఆటో అన్నదమ్ములు చెరో వర్గం. నెల రోజులు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. గెలిచిన సర్పంచ్ గారు మహిళ. ప్రమాణస్వీకారం అయిన వారానికే ఆమె భర్త వచ్చి, "ఆ కమిటీలో మనవాళ్ళు ఎందరు?" అని అడిగారు. నేనేదో పెద్ద ఉపన్యాసం ఇవ్వబోయాను. అక్క నన్ను ఆపి, "బావగారూ, తుపానొచ్చినప్పుడు షెల్టర్ తియ్యకపోతే జనం తిట్టేది కమిటీని కాదు, సర్పంచ్‌ని" అంది. ఆయన ఇంకేం మాట్లాడలేదు. కమిటీలో ఒక్క పేరు కూడా మారలేదు గాని, ఆయన చెప్పిన ఇద్దరిని అదనంగా చేర్చుకున్నాం. అది రాజీయే. దానికి నేనేం బాధపడలేదు. వాళ్ళలో ఒకడికి చెట్లు కోసే మిషన్ నడపడం వచ్చు.

నిజానికి మేం ఎక్కువ కష్టపడాల్సి వచ్చింది పంచాయతీ సెక్రటరీ గారి విషయంలో. మంచి మనిషే, కానీ కమిటీ అంటే ఆయనకి భయం. ఆ భయానికి కారణం చాలా రోజులకి ఆయనే చెప్పారు. "సార్, రేపు మీ వాళ్ళు ఎవరిదో గోడ పడగొట్టారనుకోండి, రిజిస్టర్‌లో ఎక్కడా లేనివాళ్ళ కోసం నేనెలా జవాబు చెప్పాలి?" ఆయన అడిగింది సబబే. మేం ఊరివాళ్ళకి మూడు ట్రైనింగులు ఇచ్చాం గాని, ఆఫీసువాళ్ళతో ఒక్కరోజైనా తీరుబడిగా కూర్చోలేదు. కూర్చున్నాక దారి ఆయనే చూపించారు. పంచాయతీరాజ్ చట్టంలో ఫంక్షనల్ కమిటీలని ఉన్నాయి, వాటి అండన పెట్టి తీర్మానం రాద్దామన్నారు. తీర్మానంలో పద్దెనిమిది పేర్లు, ఎవరు ఏ పని చెయ్యాలో, షెల్టర్ తాళంచెవులు మూడు ఎవరెవరి దగ్గరుండాలో రాశారు. ఒకటి సచివాలయంలో, ఒకటి అక్క దగ్గర, ఒకటి టీకొట్టులో మేకుకి.

డబ్బు సంగతి కూడా ఆయన్నుంచే నేర్చుకున్నాను. పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాల్సి ఉండేది. మిగిలిన 40 శాతంలోనే పంచాయతీకి కాస్త స్వేచ్ఛ ఉండేది. చెట్లు కోసే మిషన్ ఆ 40లోంచి కొనాల్సి వచ్చింది. జనరేటర్ అద్దె మాత్రం, అది ట్యాంకుకి నీళ్ళు ఎక్కించడానికే కాబట్టి, తాగునీటి నిర్వహణ కింద రాసుకోవచ్చన్నారు. తిత్లీ తర్వాత కరెంటు లేక నీళ్ళకి జనం పడ్డ పాట్లు చూసినవాణ్ణి, ఆ ఒక్క మాటకి ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది.

పరీక్ష అదే ఏడాది వచ్చింది. సెప్టెంబరు 26, ఆదివారం. గులాబ్ తుపాను సాయంత్రం కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటుతుందని ముందు రోజే హెచ్చరిక వచ్చింది. శనివారం సాయంత్రం అక్క పుస్తకం తీసింది. సోమవారం డయాలసిస్ ఉన్నవాళ్ళు ముగ్గురు. ఇద్దర్ని ఆదివారం పొద్దున్నే పలాసలో చుట్టాలిళ్ళకి పంపించారు. మూడో ఆయన రానంటే రానన్నాడు, ఇంటి దగ్గర ఆవు ఈనేలా ఉందట. ఆవుని టీకొట్టాయన చూసుకుంటానని మాటిచ్చాక గాని ఆటో ఎక్కలేదు. ఈ మాట ఏ ట్రైనింగ్ పుస్తకంలోనూ ఉండదు.

రాత్రి గాలి తిత్లీ అంత లేదు గాని వాన దంచికొట్టింది. గెడ్డ పొంగింది, ముసలమ్మ చెప్పినట్టే వెనకనుంచి. అప్పటికే ఆ వీధి ఖాళీ. సర్పంచ్ గారు గొడుగేసుకుని షెల్టర్ దగ్గరికి తనే వచ్చారు, భర్త రాలేదు. ఆయన పశువుల పాక దగ్గర ఇరుక్కుపోయారని తర్వాత తెలిసింది. బియ్యం ఎంత వండాలి, ఎవర్ని ఏ గదిలో ఉంచాలి, అన్నీ ఆమే తేల్చారు. ఆ రాత్రి తర్వాత ఆఫీసులో జనం ఆమెతోనే మాట్లాడ్డం మొదలుపెట్టారు. తెల్లారి పది గంటలకల్లా మిషన్‌తో రోడ్డు తెరిచారు. మేం పడ్డ కష్టానికి ఫలితం దక్కిందని ఎంత పొంగిపోయానో చెప్పలేను.

ఆ పొంగు రెండు నెలలే ఉంది. డిసెంబరు మొదట్లో జవాద్ తుపాను హెచ్చరిక. మళ్ళీ అంతా కదిలింది: ఆటోలు, షెల్టర్, వంట. రెండు పూటలు రెండు వందల మందికి పైగా భోజనం చేశారు. తుపాను బలహీనపడి ఒడిశా వైపు వెళ్ళిపోయింది. మా ఊళ్ళో ఒక ఆకు కూడా రాలలేదు. "ఉత్తుత్తి తుపానుకి మా పనులు చెడగొట్టారు" అన్నారు జనం. అది పర్వాలేదు, ఒక రోజు తిడతారు, మర్చిపోతారు. కిరాణా కొట్టు బిల్లే మెడకి చుట్టుకుంది. గులాబ్ అప్పుడు నష్టం జరిగింది కాబట్టి బిల్లు పాసైంది. ఈసారి నష్టమే లేదు, మరి ఖర్చు ఎందుకైందని పైనుంచి ప్రశ్న. కొట్టాయన అక్క ఇంటికొచ్చి కూర్చునేవాడు. అక్క భర్తకి కోపం వచ్చింది. "ఊరి పనికి మన తాళిబొట్టు తాకట్టు పెడతావా?" అన్నాడట. కమిటీ విడిపోయేంతవరకు వచ్చింది.

నాలుగు నెలలు తిరిగాం. శిబిరం తెరవమని వచ్చిన వాట్సాప్ మెసేజ్ ప్రింటు, ఎవరు ఎన్ని గంటలకి వచ్చారో రాసిన హాజరు, కొట్టు రసీదు, సర్పంచ్ సంతకం, ఇవన్నీ కలిపి పెడితే బిల్లు కదిలింది. గులాబ్ అప్పుడు హడావుడిలో హాజరు రాయలేదు. జవాద్ అప్పుడు రాసింది కూడా అక్క అలవాటు కొద్దీ రాసిందే గాని, మేం చెప్పి కాదు. అప్పట్నుంచి మా ట్రైనింగ్‌లో తెప్ప కట్టడం తీసేసి, ఆ పూట ఓచర్లు రాయడం పెట్టాం. ఫోటోలు అంత బాగా రావు.

ఆ తర్వాత సెక్రటరీ గారికి బదిలీ అయింది. జాబితా ఆయన ఫోన్‌లో ఉండిపోయింది. కొత్తగా వచ్చినావిడకి రెండు పంచాయతీల ఇన్‌చార్జి, మా మాట వినే తీరిక ఎక్కడిది? అక్కే ఒక ఉపాయం చూసింది. ఒకటో తారీఖున పింఛన్లు ఇస్తారు కదా, ఆ రోజే పుస్తకం సరిచూడాలని పెట్టింది. ఎవరైనా చనిపోతే, కొత్తగా డయాలసిస్ మొదలైతే, రోజులు మారితే అప్పుడే తెలుస్తుంది. 2024లో పాత వాలంటీర్ల వ్యవస్థ పోయి, పింఛన్లు సచివాలయం సిబ్బందే ఇంటికెళ్ళి ఇవ్వడం మొదలైనా ఆ పని ఆగలేదు. ఒకటో తారీఖు ఎటూ పోదు కదా. పుస్తకానికి మూడు నకళ్ళు: అక్క దగ్గర ఒకటి, ఆశా దగ్గర ఒకటి, ఆఫీసు బీరువాలో ఒకటి. గోడ మీద మాత్రం రాయరు.

నేను ఆ సంస్థ వదిలేసి రెండేళ్ళయింది. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అది మాకు దూరమే, కానీ శ్రీకాకుళం జిల్లాకి కూడా భారీ వర్షాలన్నారు. ముందు రోజు సాయంత్రం ఉండబట్టలేక అక్కకి ఫోన్ చేశాను. వెనక ఆటో శబ్దం. "ఉండు తమ్ముడూ, మనిషిని ఎక్కిస్తన్నాం, తర్వాత చేస్తా" అని పెట్టేసింది. తిరిగి చెయ్యలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా.

రెండు రోజుల తర్వాత చేసింది. అందరూ బాగానే ఉన్నారని ఒక్క ముక్కలో చెప్పేసి, ఆటో కిరాయి బిల్లు ఏ పద్దులో రాయాలని అడిగింది.